సగం గ్లాసు చాయ్

పోయిన వానాకాలం పంట వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరిన రోజుల్లోనే నా చేతులు వణకడం మొదలైంది. మిర్యాలగూడలో మేం కిరాయికి ఉండే గది వెనకే రైస్ మిల్లు. సీజన్‌లో అది ఆగదు. గోడ అదురుతుంది, గోడవారన బోర్లించిన గిన్నెలు అదురుతాయి. నా చేతులు కూడా ఆ అదురుకే ఊగుతున్నాయనుకున్నాను. ఒకరోజు కరెంటు పోయి మిల్లు ఆగింది. గిన్నెలు ఆగాయి. చేతులు ఆగలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను, నా కోడలు నీలా. నా కొడుకు బాలాజీ పోయి మూడేళ్ళు దాటింది. నీలా ఆ వెనక మిల్లులోనే బియ్యం బస్తాల మూతులు కుట్టే పనికి పోతుంది. పొద్దున గడప దాటుతూ "పోయొస్త యాడీ" అంటుంది. యాడీ అంటే మా లంబాడీ మాటలో అమ్మ. ఇంట్లో మేం మా భాషే మాట్లాడుకుంటాం. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆమె పోయేది గోడకు అవతలి పక్కకే. అయినా ఆ మాట వినగానే నా గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది. అరచేతులు చల్లబడేవి. పోయొస్తానని పోయినవాళ్ళంతా వరసగా గుర్తొచ్చేవాళ్ళు. మా ఆయన దస్రు రోడ్డు పనికి పుణె పోతూ ఆ మాటే అన్నాడు. బాలాజీ సూర్యాపేట మార్కెట్‌కు బండి మీద పోతూ ఆ మాటే అన్నాడు. మాటలో తప్పు లేదు. అందరూ అట్లాగే అంటారు.

చాయ్ గ్లాసు పెదవి దాకా వచ్చేలోపు సగం నా చీర మీద పడేది. కొన్నాళ్ళకు నీలా నాకు సగం గ్లాసే పోయడం మొదలుపెట్టింది.

సూర్యాపేట దవాఖానలో అన్ని పరీక్షలూ చేయించింది. డాక్టరు కాగితాలు చూసి, గుండె బాగానే ఉంది, నరాలే భయపడుతున్నాయన్నాడు. గోళీలు రాసిచ్చాడు. గోళీలతోనే కాదు, యోగా చికిత్స కూడా చేయించమని ఒక అడ్రసు చెప్పాడు. యోగా అంటే నాకు పేపర్లో బొమ్మలు తెలుసు. తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టిన మనుషులు. నేను బడికి పోలేదు గానీ బాలాజీ ఒకటో తరగతి పుస్తకం పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నాను. అప్పటినుంచి బస్సు బోర్డులు, గోడల మీద ప్రకటనలు, మిర్చీలు కట్టిచ్చిన పేపర్లు, దేన్నీ వదల్లేదు. అయితే చదివినకొద్దీ భయం కూడా పెరిగింది. చదవనివాళ్ళకు వాళ్ళ ఊళ్ళో చావులే తెలుస్తాయి. నాకు జిల్లా మొత్తానివి తెలుస్తాయి.

"నన్ను తలకిందులు చేస్తరా గాడ?" అని నీలాను అడిగాను.

"చేస్తే చెయ్యనీ. బుర్రలున్న భయమంత కింద పడ్తది" అంది.

*

సూర్యాపేటలోనే, విత్తనాల దుకాణం పైన ఒక పెద్ద గది. చాపలు, కుర్చీలు, తలుపు పక్కన ఒక బెంచీ. నేర్పే ఆమె పేరు సరళ. కోదాడ మనిషి. మాట ఆంధ్రా వైపు లాగుతుంది. నన్ను తలకిందులు చేయలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, రెండు పాదాలూ నేలకు ఆనించమంది. నా చేతులు నాచేతే ఒకటి పొట్ట మీద, ఒకటి రొమ్ము మీద పెట్టించింది.

గోడకు మనిషి బొమ్మ ఒకటి వేలాడుతోంది. తోలు ఒలిచిన మనిషి, ఒళ్ళంతా పసుపుపచ్చ దారాలు. కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. నాడీ మండలం. ఒక దారం మెదడు దగ్గర బయలుదేరి గొంతు, గుండె, ఊపిరితిత్తులు దాటి కడుపు దాకా పోతోంది. స్టేజీ స్టేజీకీ ఆగుతూ పోయే పల్లెవెలుగు బస్సులాగా. సరళమ్మ నా చూపు పట్టుకుంది. ఆ నరానికి మనం చెప్పగలిగిన మాట ఒకటే ఉందని, అది ఊపిరి నెమ్మదిగా విడవడమని చెప్పింది. ఒళ్ళు పరిగెత్తమన్నప్పుడు గుండె కొట్టుకుంటుంది. ఇక చాలు కూర్చో అని ఒంటికి తెలియాలంటే తీసుకున్న దానికంటే విడిచేది పొడుగ్గా ఉండాలట.

వినడానికి చిన్న పనే. నాకు చేతకాలేదు. సగం విడిచేసరికి ఒళ్ళు బిగుసుకుపోయి మళ్ళీ గబుక్కున లోపలికి లాగేదాన్ని.

"లోపలికి బాగానే తీసుకుంటున్నారమ్మా. బయటికి పంపడమే ఇష్టం లేదు మీకు" అంది సరళమ్మ.

"పంపితే మళ్ళ వస్తదా?"

ఆమె నవ్వలేదు. "ఇన్నేళ్ళుగా వస్తూనే ఉంది కదమ్మా" అంది.

కళ్ళు మూసుకోమంటే మూసేదాన్ని. వెంటనే ఒక కన్ను తెరిచి తలుపు పక్క బెంచీ చూసేదాన్ని. నీలా సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చునేది. ఉందా, ఉంది. మళ్ళీ మూసేదాన్ని. మళ్ళీ తెరిచేదాన్ని. రెండోసారి మేం పోయేసరికి సరళమ్మ నా కుర్చీని బెంచీకి ఎదురుగా తిప్పి పెట్టి ఉంచింది.

మంగళవారం, శుక్రవారం పోయేవాళ్ళం. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని, ఆడవాళ్ళతో కిక్కిరిసిన బస్సులో నిలబడి. నీలా ఆ పూట పని పోగొట్టుకునేది. దాని గురించి ఒక్క మాట అనేది కాదు. అసలు ఆమె దేని గురించీ అనేది కాదు. బాలాజీని తెచ్చి పడుకోబెట్టిన రోజు కూడా ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళకు నీళ్ళు అందించింది. తండాలో ఆడవాళ్ళు ఆ మాట చాలారోజులు చెప్పుకున్నారు.

*

చైత్రం ఎండలు ముదిరాక దామరచర్ల పక్క తండా నుంచి మా ఆడబిడ్డ బక్కమ్మ వచ్చింది. దస్రు చెల్లెలు. పేరే బక్కమ్మ గానీ ఆటోలో ఆమె కూర్చుంటే పక్కన ఇంకొకరికి చోటుండదు. వచ్చీరాగానే పొగాకు నలిపి దవడలో పెట్టుకుని, నీలా ముందరే సంబంధం మాట ఎత్తింది.

కోదాడ మనిషి. కరెంటు లైన్‌మన్. భార్య జబ్బుతో పోయింది. ఆరేళ్ళ ఆడపిల్ల ఉంది, సింధూజ. మనవాళ్ళే. మాలో మారుమనువు తప్పు కాదు. నీలాకు తల్లి లేదు, అన్న పట్నంలో ఉంటాడు గానీ ఫోన్ కూడా చేయడు. కాబట్టి ఈ మాట మాట్లాడాల్సింది తనేనని బక్కమ్మ తేల్చేసింది.

నేను చెంబు పట్టుకుని కూర్చున్నాను. చెంబులో నీళ్ళు తొణికి నా కాళ్ళ మీద పడుతున్నాయి.

"యాడీ చేతులు సూడు అత్తా" అంది నీలా. "గివి ఆగినంక మాట్లాడుదం."

"ఆగకపోతే?"

"ఆగకపోతే లేదు."

బక్కమ్మ నా వైపు తిరిగింది. "ఇన్నవా వదినా. దాని లగ్గం నీ చేతులల్లున్నది" అని, లేచి గుమ్మం బయటికి పోయి ఉమ్మింది.

ఆ రోజు నుంచి నాకు రెండు భయాలు. చేతులు బాగుపడవేమోనని ఒకటి, బాగుపడతాయేమోనని ఒకటి. బస్సులో బోర్డులు చదువుతున్నా అక్షరాలు నిలబడేవి కావు. సరళమ్మ నా మణికట్టు పట్టుకుని చూసి, వారం నుంచి ఎక్కువైందే, ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. ఎండకమ్మా అన్నాను. బెంచీ మీద నీలా తల దించుకుని సంచీ పట్టీ చుడుతోంది.

చదవగలిగిన మనిషికి ఇది చదవడం కష్టం కాదు. నాకు బాగైతే నీలా పోతుంది. బాగుకాకపోతే ముప్ఫై ఏళ్ళ పిల్ల నా సగం గ్లాసు చాయ్ పోస్తూ ముసలిదవుతుంది. పొద్దున ఒకటి కోరుకునేదాన్ని, సాయంత్రం ఇంకొకటి. రెండూ కోరుకున్నాక ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఊరుకునేదాన్ని.

*

ఒక మంగళవారం సరళమ్మ కొత్త పని చెప్పింది. పెదాలు మూసి తుమ్మెదలాగా గొంతులో శబ్దం చేస్తూ ఊపిరి విడవాలి. శబ్దం గొంతులోంచి రొమ్ములోకి దిగుతుంది, ఆ అదురు లోపలి నరాలకు హాయిగా ఉంటుందంది. నేను మొదలుపెట్టాను. మిల్లు మోటారు ఆగిపోయేటప్పుడు గురకపెట్టినట్టు రెండుసార్లు గురకపెట్టి ఆగిపోయాను.

ఆమె నా పక్కన కూర్చుని, మీకు పొడుగ్గా పాడే పాటలేవైనా వచ్చా అమ్మా అంది.

"పాటలు రావు. ఏడుపు వస్తది" అన్నాను.

అర్థం కాక చూసింది. చెప్పాను. మా ఇళ్ళలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు పెళ్ళికూతురు ఒక్కొక్కరి మెడా పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. దాన్ని ఢావ్లో అంటాం. అది ఊరికే రాదు. పెళ్ళికి ముందు పెద్దవాళ్ళు కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ గొంతు కిందికి దించి మొత్తం విడిచేయాలి. నాకు మా అమ్మే నేర్పింది. నన్ను పంపడానికి నాకు ఏడుపు నేర్పింది.

"అదే చేయండి" అంది సరళమ్మ.

సిగ్గేసింది. అది పందిట్లో పాడేది. విత్తనాల దుకాణం పైన కుర్చీలో కూర్చుని ఎట్లా? కానీ ఆమె ఎదురు చూస్తోంది. మొదట గొంతు లేవలేదు. తర్వాత అమ్మను పిలిచే మొదటి వరస లేచింది. సాగింది, సాగి సాగి పొట్ట వెన్నుకు ఆనేదాకా పోయి విడిచింది. ఒక క్షణం లోపల ఏమీ లేదు. తర్వాత గాలి తనంతట తనే వచ్చింది. నేను లాగలేదు.

కొన్ని వరసలు అయ్యాక ఒళ్ళో చూసుకున్నాను. చేతులు రెండూ పడుకున్న పిల్లుల్లా ఉన్నాయి.

తల ఎత్తితే బెంచీ ఖాళీ. గుండె మళ్ళీ లేచింది. నీలా మెట్ల మీద గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఫోనొచ్చిందంది. ఫోన్ సంచీలో ఉంది. సంచీ బెంచీ మీద ఉంది.

బాలాజీతో నీలా పెళ్ళి మిర్యాలగూడ ఫంక్షన్‌హాల్లో జరిగింది. డీజే పెట్టారు. తల్లి లేని పిల్లకు ఢావ్లో ఎవరూ నేర్పలేదు. మేకప్ చెడిపోతుందని ఏడవనివ్వలేదు కూడా. బస్సులో తిరిగి వస్తుంటే అది గుర్తొచ్చింది. పక్కనే నిలబడ్డ ఆమె వీపు చూశాను. ఊపిరి తీస్తున్నదో లేదో తెలియనంత చిన్నగా తీస్తోంది. ఇన్నాళ్ళూ చికిత్స కావాల్సింది నా ఒక్కదానికేననుకుని పోతున్నాం.

*

ఇంటి దగ్గర రోజూ చేయమంది సరళమ్మ. నీలా పనికి పోయాక మొదలుపెట్టేదాన్ని. ముందు ఢావ్లో, తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టుకోవడం. వైశాఖం వచ్చేసరికి, ఒంటరిగా ఉన్నప్పుడు నా చేతులు వణకడం మానేశాయి. నిండు గ్లాసు నీళ్ళు తాగి చూసుకున్నాను. చుక్క పడలేదు. సాయంత్రం నీలా వచ్చి సగం గ్లాసు చాయ్ పోస్తే అందుకున్నాను. నిండా పొయ్యమని అనలేదు. రేపు చెప్తాను అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను.

ఆ వారంలోనే అది జరిగింది. మా వెనక సందులో వడ్ల ట్రాక్టర్ల వరస ఉంది. అందులో ఒక డ్రైవరు బక్కమ్మ వాళ్ళ తండా అతను. గోడ మీదుగా నా ఢావ్లో విన్నాడు. ఢావ్లోకూ చావు ఏడుపుకూ వినేవాళ్ళకు తేడా తెలియాలంటే పక్కన పెళ్ళిపందిరి కనిపించాలి. మా ఇంటి ముందు పందిరి లేదు. అతను బక్కమ్మకు ఫోన్ చేసి, మీ వదిన లక్ష్మీబాయి ఇంట్లో ఏడుస్తున్నారని చెప్పాడు. బక్కమ్మ నీలాకు ఫోన్ చేసింది. మిల్లు మోతలో నీలా ఎత్తలేదు. ఏడుస్తున్నది నా గొంతు, ఫోన్ ఎత్తనిది నీలా. అంటే పోయింది నీలా అనుకున్నారు.

నేను కళ్ళు మూసుకుని కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని పడుకున్నాను. వీధిలో ఆటో ఆగింది. ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారిగా లేచింది. ఎవరింట్లోనో పాపం అనుకున్నాను. తలుపు తోసుకుని బక్కమ్మ, ఆమె వెనక నలుగురైదుగురు లోపలికి వచ్చారు. అందరూ కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. బక్కమ్మ రెండు చేతులూ చాచి నా మీద పడబోయి, కుర్చీ మీద నా కాళ్ళు చూసి ఆగింది.

"గిదేం పడక వదినా?"

"సికిత్స" అన్నాను.

"నీలా యాడున్నది?"

"మిల్లుల."

బక్కమ్మ కూలబడి మొహం తుడుచుకుంది. "తండల పొయ్యిలన్ని ఆర్పిచ్చి వచ్చిన. ఇంత పొద్దున ఏడ్సుడేందే నీకు, పనిలేక" అంది. వెనక ఒకామె నవ్వు ఆపుకోలేక గోడకు తిరిగింది. ఇంకొకామె ఏడుపు మొదలుపెట్టేసి ఉండటంతో వెంటనే ఆపలేక ఇంకా వెక్కుతోంది.

అప్పుడు నీలా వచ్చింది. మీ ఇంటి ముందు జనం ఏడుస్తున్నారని మిల్లు కాపలాదారు చెప్పాడట. జుట్టు నిండా ఊక, భుజం మీద కుట్టు దారం తెగి వేలాడుతోంది. చెప్పులు లేవు. గుమ్మంలో ఇంతమంది వీపులు కనిపించాయి గానీ నేను కనిపించలేదు. వాళ్ళను తోసుకుని రాలేదు. అక్కడే నిలబడి "యాడీ" అంది.

లేచి పోయాను. నన్ను చూసింది. చూశాక కూడా నమ్మనట్టు నా భుజాలు, చేతులు తడిమింది. తర్వాత నా మెడ పట్టుకుంది. ఆమె గొంతులోంచి వచ్చినదానికి మాటలు లేవు. నేర్చుకున్న వరస కాదు. ఎక్కడ తీసుకోవాలో ఎక్కడ విడవాలో తెలియని ఏడుపు, తెగి తెగి, ఊపిరందక. నేను ఆమె వీపు మీద చెయ్యి పెట్టి నా గొంతు కలిపాను. సాగదీశాను. విడిచేచోట విడిచాను. కాసేపటికి ఆమె ఊపిరి నా ఊపిరి వెంట రావడం నా అరచేతికి తెలిసింది. మధ్యలో ఎక్కడో బాలాజీ పేరు అంది. చావుకని వచ్చిన ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే కూర్చుని మాతో కలిసి ఏడ్చారు. మూడేళ్ళ కిందటి ఏడుపు.

ఏడుపు ఆగింది. వెనక మిల్లు మోగుతూనే ఉంది. నీలా మొహం కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంతమంది వచ్చారు, చాయ్ అన్నా పోయొద్దా అంది బక్కమ్మ. నీలా లేవబోయింది. నేను పెట్టుకొస్తానన్నాను.

స్టవ్ దగ్గర నిలబడ్డాను. చాయ్ పొంగేదాకా వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి. బక్కమ్మ మళ్ళీ కోదాడ మాట ఎత్తింది. నీలా మళ్ళీ అదే జవాబు చెప్పింది. యాడీ చేతులు ఆగినంక. గ్లాసులు పళ్ళెంలో పెట్టాను. సగం సగం పోసి తెచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. నీలానే తీసుకురమ్మని పిలిచినా అనుకోరు. గిన్నె చేతిలో పట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాను. తర్వాత ప్రతి గ్లాసూ అంచు దాకా పోశాను.

పళ్ళెం ఎత్తుకుని గది దాటి వచ్చి నీలా ముందు కూర్చుని దించాను. చాయ్ అంచుల దగ్గర వణికి ఊరుకుంది. అది మిల్లు అదురు.

నీలా పళ్ళెం చూసింది. నా చేతులు చూసింది. ఒక గ్లాసు తీసుకుని నాకు అందించింది. నిండు గ్లాసు. తాగాను.

*

సంబంధం చూడటానికి కోదాడకు నేనూ పోయాను. పోకుండా ఎట్లా ఉంటాను. నేరేడుచర్ల, హుజూర్‌నగర్, దారిపొడుగునా కరెంటు స్తంభాలు చూస్తూ పోయాను. ఇన్ని స్తంభాలున్నాయని అంతకుముందు గమనించలేదు. అతను మెత్తని మనిషి. ఎదురొచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఇల్లు చూపించాడు. నేను ఇల్లు చూడలేదు.

"స్తంభం ఎక్కేటప్పుడు కరెంటు బంద్ చేసిన్రో లేదో ఎవరు సూస్తరు?" అని అడిగాను.

"లైన్ ఆఫ్ చేయించాక నేనే చూసుకుంటానమ్మా. ఎవరు చెప్పినా నేను చూడకుండా ఎక్కను."

"రోజూనా?"

"రోజూ."

నాకు అది చాలలేదు. ఎంత చెప్పినా చాలదు. సింధూజ లోపలి గది తలుపు వెనక నిలబడి నీలాను చూస్తోంది. నీలా ఆ పిల్లను దగ్గరికి పిలవలేదు. తను పోయి తలుపుకు ఈ పక్కన కూర్చుంది. మేం చాయ్ తాగి లేచేసరికి ఆ పిల్ల ఊడిన జడ నీలా అల్లుతోంది.

తిరుగు బస్సులో నీలా నన్ను అడిగింది. "నాకు నేర్పిస్తవా యాడీ?"

అత్తగారింట్లోంచి పోయేటప్పుడు ఢావ్లో ఉండదు. అది పుట్టింటి నుంచి పోయేవాళ్ళది. అత్త కోడలికి నేర్పడం నేను ఎక్కడా వినలేదు. బక్కమ్మకు చెబితే నోరు తెరిచి, తర్వాత మూసుకుని, కొత్తగా చేసేదాన్ని ఎవరొద్దన్నారు, మెల్లగ ఏడ్వండి, నేను మళ్ళ ఆటో కట్టుకొని రాను అంది.

జ్యేష్ఠం ఎండల్లో మధ్యాహ్నం పూట కిటికీలు మూసుకుని నేర్పాను. ఉక్కపోత. ఇద్దరం చెమటలు కక్కుతూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఇక్కడ తీసుకో, ఇక్కడ సాగదియ్యి, ఇక్కడ ఉంచుకోకు, విడిచిపెట్టు. ఆమె విడిచేచోట బిగబట్టేది, అచ్చం నాలాగా. సరళమ్మ నా పొట్ట మీద పెట్టించినట్టే ఆమె చెయ్యి ఆమె పొట్ట మీద పెట్టించాను. ఒక్కోసారి మధ్యలో నవ్వొచ్చేది. ఒక్కోసారి పాఠం అక్కడితో ఆగిపోయేది.

మిరుగం కార్తె మొదటి వాన పడ్డ మర్నాడు నీలా పోయింది. పెద్ద పెళ్ళి కాదు. గుమ్మంలో నా మెడ పట్టుకుని పాడింది. వరస రెండుచోట్ల తప్పింది. నేను దిద్దలేదు. కారెక్కేముందు ఆమె "పోయొస్త యాడీ" అంది. నా గుండె లేచింది. చేతులు చల్లబడ్డాయి. అన్నీ అట్లాగే వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. నేను ఊపిరి విడిచాను. కారు సందు మలుపు తిరిగేదాకా విడుస్తూనే ఉన్నాను.

*

తర్వాతి శుక్రవారం సూర్యాపేటకు ఒక్కదాన్నే పోయాను. సీజన్ అయిపోయి మిల్లు ఆగింది. పొద్దున లేచి చూస్తే గిన్నెలు కదలకుండా ఉన్నాయి. బస్టాండులో బోర్డు రెండుసార్లు చదివాను, ఎక్కాక కండక్టర్ని అడిగాను, పక్కనామెనూ అడిగాను. బస్సు ఊరు దాటకముందే నీలా ఫోన్ చేసింది. "ఎక్కినవా? సీటు దొరికిందా? కార్డు మర్సిపోలే గద?" ఆమె గొంతులో నా భయం వినిపించింది. దొరికింది బిడ్డా, ఊపిరి విడు అన్నాను. అవతల నవ్వింది.

మెట్లెక్కాను. సరళమ్మ నా వెనక చూసి, ఎవరూ రాలేదా అమ్మా అని అడిగింది. లేదన్నాను. కుర్చీ బెంచీకి ఎదురుగానే వేసి ఉంది. దాన్ని అటు తిప్పమంటారా అంది.

వద్దన్నాను. నా సంచీ తీసుకుపోయి బెంచీ మీద, నీలా కూర్చునేచోట పెట్టాను. వచ్చి కూర్చుని పాదాలు నేలకు ఆనించాను. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి రొమ్ము మీద. లోపల దడగానే ఉంది. బెంచీని ఒకసారి చూశాను.

కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరవలేదు.